మంచు ఢిల్లీలో, పడిగాపులు శంషాబాద్‌లో

అందరికీ నమస్కారం.

జనవరి మొదటి వారం, ఉదయం ఏడు గంటలు. శంషాబాద్‌లో ఎండ నిక్కచ్చిగా కాస్తోంది, ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. బోర్డు మీద మాత్రం ఢిల్లీ విమానం పక్కన ‘ఆలస్యం’ అని పడింది. కౌంటర్ దగ్గర ఒకరు గొంతు పెంచి అడుగుతుంటారు: ‘ఎండ కళ్లు పొడుస్తుంటే వాతావరణం బాగాలేదంటారేంటండీ?’ ప్రతి ధనుర్మాసంలోనూ వినపడే ప్రశ్నే, న్యాయమైన ప్రశ్న కూడా. కౌంటర్ వెనక ఉన్న పిల్లకి జవాబు తెలిసినా, వెనక వంద మంది నిలబడి ఉండగా చెప్పే వ్యవధి ఉండదు. ఈ సాయంత్రం మనకు ఆ వ్యవధి ఉంది.

ముందు ఒక అపోహ తీసేద్దాం. పొగమంచులో పైలట్‌కు ఏమీ కనబడదు కాబట్టి విమానాలు ఆగిపోతాయి అనుకుంటాం. సగమే నిజం. ఇవాళ్టి పెద్ద విమానాలు దాదాపు ఏమీ కనబడకుండానే దిగగలవు. ఆలస్యంలో ఎక్కువ భాగం పుట్టేది విమానానికీ విమానానికీ మధ్య వదలాల్సిన ఎడంలో. ఆ ఎడం లెక్క దగ్గరికి వెళ్లాలంటే, ఎంత కనబడుతోందో ఎలా కొలుస్తారో ముందు తెలియాలి.

వాతావరణ శాఖ లెక్కలో చూపు వెయ్యి మీటర్ల లోపుకి పడిపోతే పొగమంచు. 200 మీటర్ల లోపుకి వస్తే దట్టమైనది, 50 లోపు అయితే అతి దట్టమైనది. ఉత్తరాది మైదానాల్లో చలికాలం పట్టేది ఎక్కువగా నేల చల్లబడి పుట్టే మంచు. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది. నేలని ఆనుకున్న గాలి చల్లబడి అందులోని తేమ బొట్లు కడుతుంది. పడమటి నుంచి వచ్చే అల్పపీడన ద్రోణి ఒక వాన కురిపించి పోతే, ఆ మర్నాడు ఆకాశం తేటపడిందంటే మంచుకు అంతకన్నా అనువైన రాత్రి లేదు. గాలిలోని దుమ్మూ పొగా బొట్టు కట్టడానికి గింజలు అందిస్తాయి. గాలి పూర్తిగా స్తంభించినా మంచు బలపడదు, తేమంతా గడ్డి మీద దిగిపోతుంది. రెండు మూడు నాట్ల, అంటే గంటకి నాలుగైదు కిలోమీటర్ల, మెల్లని కదలిక ఉంటే పైకి పేరుకుంటుంది, అంతకన్నా బాగా వీస్తే చెదిరిపోతుంది. ఇంత సున్నితమైన లెక్క కాబట్టే ‘రేపు ఆరుంబావుకి మంచు, తొమ్మిదిన్నరకి తేట’ అని ఎవరూ గట్టిగా చెప్పలేరు. దీన్ని అర్థం చేసుకోవడానికే 2015 చలికాలం నుంచి ఢిల్లీ విమానాశ్రయంలోనే పరికరాలు పెట్టి పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం, వాతావరణ శాఖ కలిసి పొగమంచు మీద ప్రత్యేక పరిశోధన నడుపుతున్నాయి.

ఇంకో చిక్కు. చాలాసార్లు మంచు సూర్యోదయమయ్యాక ఇంకా చిక్కబడుతుంది. తొలి ఎండకి నేల దగ్గరి గాలి కొద్దిగా కదిలి తేమని పైకి కలుపుతుంది. విమానాశ్రయానికి అత్యంత రద్దీ వేళ కూడా సరిగ్గా అదే. తరవాత నేల వేడెక్కి మంచు కింది నుంచి కరుగుతుంది. అప్పుడు కూడా వెంటనే పని తీరదు. మంచు లేచి తక్కువ ఎత్తు మబ్బుగా నిలబడుతుంది. కింద నిలబడ్డ మనకి కిలోమీటరు కనిపిస్తుంటుంది, పైనుంచి వచ్చే పైలట్‌కి మాత్రం రన్‌వే మీద మూత పెట్టినట్టే ఉంటుంది.

ఇప్పుడు కొలత. విమానాశ్రయంలో రెండు రకాల చూపులున్నాయి. ఒకటి మామూలు విజిబిలిటీ, అంటే చుట్టుపక్కల ఎంత దూరం కనబడుతోందన్నది. రెండోది ఆర్‌వీఆర్ (రన్‌వే విజువల్ రేంజ్), రన్‌వే మధ్య గీత మీదున్న పైలట్‌కి రన్‌వే దీపాలు గానీ గుర్తులు గానీ ఎంత దూరం కనబడతాయన్నది. విమానం దిగొచ్చా లేదా అని తేల్చేది ఈ రెండోదే.

దీన్ని కొలిచే పరికరం పేరు ట్రాన్స్‌మిసోమీటర్. మీలో కిటికీ పక్కన కూర్చునేవాళ్లు ఈసారి గమనించండి. రన్‌వే పక్క గడ్డిలో మనిషి ఎత్తు కన్నా కాస్త పైకి, దాదాపు రెండున్నర మీటర్ల ఎత్తున, రెండు స్తంభాలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి కాంతి వదులుతుంది, ఇంకోటి పట్టుకుంటుంది. మధ్యలో మంచు ఎంత మింగేసిందో చూసి, ఆ సమయానికి రన్‌వే దీపాలు ఎంత వెలుగులో పెట్టారో కూడా కలిపి, మీటర్లు లెక్కగడుతుంది. దీపాల వెలుగు పెంచితే అదే మంచులో ఆర్‌వీఆర్ అంకె పెరుగుతుందన్నమాట. అద్దం మీద దుమ్ము పడితే, సాలీడు గూడు కడితే అంకె తప్పుతుంది, కాబట్టి శుభ్రం చేయడం కూడా షెడ్యూలులో ఉండే పనే. విమానాలు నేల తాకే చోట ఒకటి, మధ్యలో ఒకటి, చివర ఒకటి పెడతారు. ఒకప్పుడు వీటిని బయటినుంచి తెప్పించుకునేవాళ్లం. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ ల్యాబొరేటరీస్ ‘దృష్టి’ పేరుతో మనదే తయారు చేసింది, ఇప్పుడు దేశంలో చాలా విమానాశ్రయాల్లో అదే నడుస్తోంది.

ఆ అంకె 400 మీటర్ల దాకా 25 చొప్పున, 800 దాకా 50 చొప్పున, ఆపైన వంద చొప్పున చెబుతారు. అందుకే ఎప్పుడూ 75, 125, 175 లాంటి అంకెలే వింటాం. ఒకే రన్‌వే మీద ఈ చివర 75, ఆ చివర 300 ఉండడం మామూలే. మంచు పరుపు పరిచినట్టు సమంగా ఉండదు, ముద్దలు ముద్దలుగా పాకుతుంది.

ఇక దిగడం. మంచులో విమానాన్ని కిందికి తెచ్చేది ఐఎల్ఎస్, అంటే రేడియో తరంగాలతో దారి చూపే ఏర్పాటు. రన్‌వేకి ఆ చివర నాటిన లోకలైజర్ అనే యాంటెన్నాల వరస, విమానం మధ్య గీతకి కుడికి పోతోందా ఎడమకి పోతోందా అని చెబుతుంది. నేల తాకే చోటికి పక్కగా ఉండే గ్లైడ్‌పాత్ యాంటెన్నా, మూడు డిగ్రీల వాలులో దిగుతోందా లేదా అని చెబుతుంది. విమానంలోని ఆటోపైలట్ ఈ రెండింటినీ పట్టుకుని జారుడు బల్ల మీద జారినట్టు దిగుతుంది.

ఎంతవరకు దీన్ని నమ్మి దిగొచ్చన్నదే క్యాట్ (కేటగిరీ) వన్, టూ, త్రీ. క్యాట్ వన్‌లో నేలకి 200 అడుగుల ఎత్తు వచ్చేసరికి పైలట్‌కి దీపాలు కంటికి కనబడాలి, ఆర్‌వీఆర్ కనీసం 550 మీటర్లుండాలి. క్యాట్ టూలో వంద అడుగులు, 300 మీటర్లు. క్యాట్ త్రీ-ఏలో వందకన్నా కిందికి, 175 మీటర్లు. క్యాట్ త్రీ-బీలో 50 మీటర్ల దాకా.

50 మీటర్లంటే ఎంతో ఒకసారి ఊహించుకుందాం. దిగే విమానం వేగం 140 నాట్లనుకుంటే సెకనుకి 72 మీటర్లు. పైలట్ కంటికి సెకను దూరం కూడా కనబడదు. రన్‌వే మధ్య దీపాలు 15 మీటర్లకొకటి ఉంటాయి, అంటే మూడు దీపాలు కనిపిస్తాయి. ఆ మూడు దీపాల వెలుతుర్లో ఎవరూ చేత్తో దింపరు. రెండు ఆటోపైలట్లు కలిసి దింపుతాయి. ఒకటి చివరి క్షణంలో చెడిపోయినా రెండోది పని పూర్తి చేయాలి, నియమం అది. చివర్లో నేల ఎంత దూరముందో చెప్పేది రేడియో ఆల్టిమీటర్. అది విమానం పొట్ట కింద నుంచి నేలకి తరంగం పంపి అడుగులు లెక్కబెడుతుంది. ఎయిర్‌బస్ కాక్‌పిట్‌లో ‘ఫిఫ్టీ, థర్టీ, ట్వెంటీ’ అని యంత్రం చదివి, విమానమే తనంతట దిగే ఆటోల్యాండ్‌లో పది అడుగుల దగ్గర ‘రిటార్డ్’ అంటుంది. థ్రాటిల్ వెనక్కి లాగమని గుర్తుచేయడం.

ఇక్కడ చాలామందిని ఆశ్చర్యపరిచే విషయం ఒకటుంది. దిగడానికి 50 మీటర్లు చాలుగానీ ఎగరడానికి మన దేశంలో మామూలుగా 125 కావాలి. తలకిందులుగా ఉంది కదూ? దిగేది యంత్రం, ఎగిరించేది మనిషి. టేకాఫ్‌లో పైలట్ మధ్య దీపాల వరస చూస్తూ కాళ్లతో, చేతులతో విమానాన్ని గీత మీద ఉంచాలి. సగం పరుగులో ఒక ఇంజన్ ఆగిపోతే విమానం ఒక పక్కకి ఈడుస్తుంది, దాన్ని సరిచేస్తూ ఆపాలి. అందుకు కనీసం ఎనిమిది దీపాలు కనబడాలి. ఆర్‌వీఆర్ వందకి పడిపోయిన గంటలో ఢిల్లీలో విమానాలు దిగుతూనే ఉంటాయి, బయలుదేరేవి మాత్రం బారులు తీరి నిలబడతాయి. కాసేపటికి నిలబెట్టే చోట్లు నిండిపోతాయి, దిగిన విమానానికి బే దొరకదు. అప్పుడు దిగడం కూడా ఆగుతుంది.

మరి ప్రతి విమానాశ్రయానికీ క్యాట్ త్రీ పెట్టేస్తే సరిపోతుంది కదా అని అడుగుతారు. ఐఎల్ఎస్ పెట్టె మార్చినంత మాత్రాన అది రాదు. మధ్య దీపాలు 15 మీటర్లకొకటి చొప్పున రన్‌వే పొడవునా పాతాలి. కరెంటు పోతే మధ్య దీపాలు, రన్‌వే మొదలు దీపాలు ఒక్క సెకనులో మళ్లీ వెలగాలి. క్యాట్ వన్‌కయితే 15 సెకన్లు చాలు. సెకనుకి 72 మీటర్లు పోతున్న విమానానికి 15 సెకన్ల చీకటి అంటే కిలోమీటరు పైచిలుకు. రన్‌వేకి ముందున్న నేల చదునుగా ఉండాలి, లేకపోతే రేడియో ఆల్టిమీటర్ గుంటని చూసి ఎత్తు ఎక్కువ చెబుతుంది. టవర్‌లో ఉన్నవాళ్లకి నేల మీద తిరిగే వాహనాలు, విమానాలు రాడార్లో కనబడాలి. ఏడాదికి పది పదిహేను ఉదయాల కోసం ఇంత ఖర్చు అన్నిచోట్లా గిట్టదు. ఢిల్లీ, లక్నో, జైపూర్, అమృత్‌సర్, కోల్‌కతాల్లో గిట్టింది. దక్షిణాదిలో మొదట బెంగళూరు పెట్టుకుంది.

రన్‌వేకి ఉంటే సరిపోదు. విమానానికి ఉండాలి, ఇద్దరు పైలట్లకీ ఉండాలి. పల్లెటూళ్లో ధాన్యం కొట్టుకి మూడు తాళాలు వేసి ముగ్గురి దగ్గర ఉంచినట్టు. ఏటీఆర్ లాంటి ప్రొపెల్లర్ విమానాలకి క్యాట్ త్రీ లేదు. ఎయిర్‌బస్‌లో ఒక ఆటోపైలట్ పనిచేయకపోతే విమానం ఎగరడానికి ఇబ్బందేమీ లేదు, క్యాట్ త్రీ-బీ హోదా మాత్రం పోతుంది. పైలట్లు సిమ్యులేటర్లో శిక్షణ పొంది, గడువు దాటకుండా దాన్ని పునరుద్ధరించుకుంటూ ఉండాలి. డిసెంబర్ 10 నుంచి ఫిబ్రవరి 10 దాకా ఢిల్లీ వెళ్లే విమానాలకి క్యాట్ త్రీ పైలట్లనే వేయమని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అడగడం ఇందుకే. గాలి కూడా ఒప్పుకోవాలి. ఎయిర్‌బస్ ఏ320లో ఆటోల్యాండ్‌కి పక్క గాలి 20 నాట్లు మించకూడదు. మంచు ఉన్నప్పుడు గాలి ఉండదు కాబట్టి ఇది పెద్ద అడ్డంకి కాదు లెండి.

ఇప్పుడు అసలు సంగతి, ఎడం.

లోకలైజర్ తరంగం రన్‌వే పొడవునా పరుచుకుని ఉంటుంది. ఆ దారిలో ఒక పెద్ద విమానం తోక అడ్డొచ్చిందంటే తరంగం దాని మీద పడి వంగుతుంది. ఏ320 తోక ఎత్తు దాదాపు 12 మీటర్లు, బోయింగ్ 777ది 18 మీటర్లు దాటుతుంది. వెనక వచ్చే విమానం ఆటోపైలట్ ఆ వంకర తరంగాన్నే నమ్ముతుంది. తేటగా ఉన్న రోజున పైలట్ కళ్లతో చూసి సరిచేసుకుంటాడు, మంచులో చూసి సరిచేసేవాళ్లు లేరు. అందుకే చూపు 550 మీటర్ల లోపుకి గానీ, మబ్బు 200 అడుగుల లోపుకి గానీ దిగగానే లో-విజిబిలిటీ ప్రొసీజర్స్, అంటే చూపు తక్కువున్నప్పుడు పాటించే ప్రత్యేక పద్ధతులు, మొదలవుతాయి. 800 దగ్గరే సన్నాహం మొదలవుతుంది. మరమ్మతు బండ్లు బయటికి వెళ్లాలి, అక్కర్లేని దారులు మూయాలి. టేకాఫ్‌కి వచ్చే విమానాలు రన్‌వేకి మామూలు కన్నా చాలా దూరంగా, ఎర్ర దీపాల గీత వెనక ఆగాలి.

దిగిన విమానం ఆ తరంగం దారి నుంచి పూర్తిగా తప్పుకునేదాకా వెనక దానికి దిగే అనుమతి ఇవ్వరు. పూర్తిగా తప్పుకున్నానని పైలట్‌కి ఎలా తెలుస్తుంది? టాక్సీవే, అంటే రన్‌వే నుంచి టెర్మినల్ వైపు పోయే దారి, దాని మధ్య దీపాలు మామూలుగా ఆకుపచ్చ. రన్‌వే నుంచి ఆ తరంగం దారి హద్దు దాకా మాత్రం ఒకటి ఆకుపచ్చ, ఒకటి పసుపు చొప్పున వస్తాయి. పసుపు దీపాలు అయిపోయి అన్నీ ఆకుపచ్చ కనబడ్డాక ‘రన్‌వే ఖాళీ’ అని రేడియోలో చెబుతాడు. తేట రోజున ఒక్క నిమిషంలోపు అయిపోయే ఈ పని మంచులో పాకుతూ సాగుతుంది. మలుపు ఎక్కడుందో వెతుక్కోవాలి, దీపాలు లెక్కబెట్టుకోవాలి, ఒక్కోసారి ‘ఫాలో మీ’ జీపు వచ్చి దారి చూపాలి.

లెక్క వేద్దాం. నిమిషానికి విమానం 2.3 నాటికల్ మైళ్లు (ఒక్కోటి 1.85 కిలోమీటర్లు) వస్తుంది. తేటగా ఉంటే ఒకదాని వెనక ఒకటి నాలుగు మైళ్ల ఎడంతో వస్తాయనుకోండి, ఒకటి ముప్పావు నిమిషం లోపే ఒకటి దిగుతుంది. గంటకి 35. మంచులో ఎడం పది మైళ్లకి పెంచితే నాలుగుంబావు నిమిషాలకి ఒకటి. గంటకి 14. ఎవరూ వెనక్కి తిరిగి పోలేదు, ఎవరూ తప్పు చేయలేదు, అందరూ క్షేమంగానే దిగుతున్నారు. అయినా ప్రతి గంటా 21 విమానాలు మిగిలిపోతున్నాయి.

ఉదయం అయిదు నుంచి తొమ్మిది దాకా నాలుగు గంటలు ఇలా నడిస్తే 84 విమానాల బాకీ. తొమ్మిదికి ఎండ వచ్చింది, మళ్లీ గంటకి 35 దిగొచ్చు. కానీ తొమ్మిది తరవాత కూడా గంటకి 30 విమానాల టైమ్‌టేబుల్ ఉందనుకోండి. మిగులు గంటకి అయిదే. 84 బాకీ తీరడానికి పదహారు పదిహేడు గంటలు, అంటే అర్ధరాత్రి దాటిపోతుంది. ఇవి ఒక రన్‌వేకి మనం వేసుకున్న ఉజ్జాయింపు అంకెలు, నిజం విమానాశ్రయంలో రన్‌వేలు ఎక్కువ, లెక్క గజిబిజి. ఆకారం మాత్రం ఇదే. నాలుగు గంటల మంచుకి రోజంతా ఆలస్యం ఎందుకన్నదానికి జవాబు ఈ మిగులు అయిదులో ఉంది. కొన్ని విమానాలు రద్దు చేయకపోతే బాకీ తీరే దారే లేదు. 2024 జనవరిలో ఢిల్లీలో పెద్ద గందరగోళం జరిగాక డీజీసీఏ విడుదల చేసిన పద్ధతిలో, మూడు గంటలకి మించి ఆలస్యం అవుతుందనిపించిన విమానాన్ని ముందే రద్దు చేయొచ్చని చెప్పడం వెనక ఉన్న తర్కం ఇదే. రద్దు అంటే మనకి కోపం వస్తుంది గానీ, ఆ రోజు రద్దయిన ఒక్కో విమానం మరికొన్నింటిని బతికిస్తుంది.

ఇప్పుడు శంషాబాద్ ఎండలోకి తిరిగొద్దాం. ఢిల్లీ మీద గంటకి 14 దిగుతుంటే 35 విమానాలు గాల్లోకి లేచి అక్కడికి పోయి ఏం చేస్తాయి? చక్కర్లు కొడతాయి. ఏ320 చక్కర్లు కొడుతూ నిమిషానికి దాదాపు 40 కిలోల ఇంధనం తాగుతుంది. నేల మీద తోకలోని చిన్న ఇంజన్ ఒక్కటే నడుపుకుంటూ ఉంటే రెండు కిలోలు. అందుకని బయలుదేరే చోటే ఆపుతారు. దేశమంతటి విమానాల వరసని ఢిల్లీలోని విమాన రాకపోకల కేంద్రం లెక్కించి, ఒక్కో విమానానికి ‘మీరు ఇన్ని గంటల ఇన్ని నిమిషాలకి లేవాలి’ అని ఒక సమయం ఇస్తుంది. మీరు శంషాబాద్‌లో కూర్చున్నది ఢిల్లీ పైన ఉన్న క్యూలోనే, కుర్చీ మాత్రం ఇక్కడుంది.

‘మరైతే ముందే ఎక్కించి తలుపులేసి విమానంలో గంటన్నర ఎందుకు కూర్చోబెట్టారు?’ ఇది కౌంటర్ దగ్గర రెండో గొడవ. ఇచ్చిన సమయం ముందుకి జరగొచ్చు. ఢిల్లీలో మంచు అనుకున్నదానికన్నా త్వరగా పల్చబడితే ‘ఇప్పుడు లేవగలరా’ అని అడుగుతారు. తలుపులు మూసి సిద్ధంగా ఉన్న విమానమే ఊ అనగలదు. టెర్మినల్లో చెల్లాచెదురుగా ఉన్న 180 మందిని పోగుచేసి ఎక్కించడానికి అరగంట పడుతుంది, ఈలోపు వరస పోతుంది. ఈ తర్కం ఒక గంట దాకా ఒప్పుకోవచ్చు. మూడు గంటలు కూర్చోబెడితే మాత్రం నా లెక్కలో అది తర్కం కాదు, బద్ధకం. దించి మళ్లీ ఎక్కించడానికి భద్రతా విభాగం 2024లో వీలు కల్పించింది కూడా.

ఇంకో రకం ఆలస్యం మన గన్నవరంలో చూస్తాం. కృష్ణ, కాలువలు, తడిసిన పొలాలు. సంక్రాంతి రోజుల్లో అక్కడ తెల్లారుజామున మంచుకి తేమ కొరత లేదు. అలాంటి చోట క్యాట్ వన్ ఆధారం. పూర్తి పొడవు, అంటే 900 మీటర్ల అప్రోచ్ దీపాలు (రన్‌వేకి ముందు దారి చూపేవి) ఉంటే 550 మీటర్లకి దిగొచ్చు, దీపాల వరస పొట్టిదైతే కనీస చూపు 750కి, వెయ్యికి, అసలు లేకపోతే 1200కి పెరుగుతుంది. హైదరాబాద్ నుంచి వచ్చిన విమానం పైన గిరగిరా తిరుగుతుంటే కింద హైవే మీద కార్లు లైట్లేసుకుని పోతుంటాయి. ‘కారు పోతోందిగా, విమానం దిగలేదా’ అంటారు. కారు ఆగగలదండీ. వెయ్యి అడుగుల ఎత్తు దగ్గరికి వచ్చేసరికి రన్‌వే మొదట్లోని ఆర్‌వీఆర్ కనీసం కన్నా తక్కువుంటే ఇంకా కిందికి వెళ్లడానికే వీల్లేదు. పైలట్ ధైర్యానికి అక్కడ పని లేదు.

ఎంతసేపు తిరుగుతాడన్నది ట్యాంకులో ఉన్నదాన్ని బట్టి. బయలుదేరేటప్పుడు ప్రయాణానికి సరిపడా, దాని మీద అయిదు శాతం, ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి వెళ్లేంత, చివరగా ఎవరూ ముట్టుకోకూడని 30 నిమిషాల నిల్వ. ఇవి చట్టం అడిగేవి. మంచు తెలిసిన రోజున ఇంకో టన్నో టన్నున్నరో అదనంగా పోయిస్తారు. టన్ను అంటే పాతిక నిమిషాల చక్కర్లు. అది అయిపోతే తిరుగు ముఖం. గన్నవరానికి హైదరాబాద్ దగ్గర కాబట్టి నయం. ఢిల్లీకయితే చుట్టూ ఉన్న లక్నో, అమృత్‌సర్ కూడా అదే మంచులో ఉంటాయి. జైపూర్ ఖాళీగా ఉంటే అందరూ అటే, కాసేపటికి జైపూర్‌లో నిలబెట్టే చోటు నిండిపోతుంది, తరవాత వచ్చినవి అహ్మదాబాద్ దాకా పోవాలి.

అక్కడ దిగాక ఇంధనం పోయించుకుని రావడమే కదా అనుకుంటాం. పైలట్ల డ్యూటీ గడియారం రిపోర్ట్ చేసిన నిమిషం నుంచి నడుస్తుంటుంది, మంచు కోసం అది ఆగదు. నేల మీద కూర్చున్న మూడు గంటలూ అందులోంచే పోతాయి. గడువు దాటితే కొత్త పైలట్లు రావాలి, వాళ్లు ఢిల్లీలో ఉంటారు, వాళ్లని తీసుకురావాల్సిన విమానం కూడా మంచులోనే ఉంటుంది.

ఒకే విమానం రోజుకి అయిదారు ట్రిప్పులు తిరుగుతుంది, మధ్యలో నేల మీద అరగంటే. ఉదయం ఢిల్లీలో రెండు గంటలు పోతే అది హైదరాబాద్‌కి, అక్కడినుంచి తిరుపతికి, మళ్లీ హైదరాబాద్‌కి, ఆపైన విశాఖకి మోసుకొస్తుంది. సాయంత్రం ఏడింటికి విశాఖలో సముద్రపు గాలి పీల్చుకుంటూ ‘ఇక్కడ మంచేంటి’ అనే ప్రయాణికుడు ఉదయం ఢిల్లీ బాకీ కడుతున్నాడన్నమాట.

వాన, ఉరుము సంగతి వేరు, అది త్వరగా చెబుతాను. క్యుములోనింబస్ అనే ఉరుముల మబ్బులోంచి ఎవరూ పోరు. పక్కకి తప్పుకుని వెళతారు, దారి పొడుగవుతుంది, దారులన్నీ ఒకే సందులోకి కుదించుకుపోతాయి. పిడుగులు పడుతుంటే నేల మీద సామాన్లు ఎక్కించే పని, ఇంధనం పోసే పని ఆపాలి. ఉరుము అరగంటలో పోతుంది, ఆలస్యం కూడా తక్కువలో తేలుతుంది. తుపాను అయితే రన్‌వేనే పోవచ్చు. 2014లో హుద్‌హుద్ విశాఖ టెర్మినల్‌ని ఏం చేసిందో, 2023 డిసెంబర్‌లో మిచాంగ్‌కి చెన్నై రన్‌వే మీద నీళ్లెలా నిలిచాయో చూశాం. అక్కడ ఆర్‌వీఆర్ లెక్కలతో పనే లేదు.

పొగ మాత్రం మంచుకి సోదరుడే. 2018 భోగి నాడు చెన్నైలో ఊరంతా తెల్లారుజామున వేసిన మంటల పొగ మంచులో కలిసి విమానాలు దారి మళ్లాయి. పాత చాపలు సరే, టైర్లు కూడా వేస్తారు కదా. అప్పటికి గాలి స్తంభించి ఉంటుంది, పైన వెచ్చని గాలి మూత వేసి ఉంటుంది. పొగకి పోవడానికి చోటుండదు.

ప్రశ్నలు తీసుకుందాం.

ప్రశ్న: సార్, జనవరిలో ఢిల్లీ వెళ్లాలంటే ఏ విమానం మేలు?

ఢిల్లీకి పదకొండు తరవాత చేరేది. కానీ మరీ సాయంత్రానికి పోవద్దు, అప్పటికి బాకీలు పేరుకుంటాయి. మధ్యాహ్నం పన్నెండు, రెండు మధ్య దిగేది నయం. అక్కడ కనెక్షన్ ఉంటే, విదేశం వెళుతుంటే, ముందు రోజు సాయంత్రానికే చేరండి. కనెక్షన్ రెండు టికెట్ల మీద కాకుండా ఒకే టికెట్ మీద ఉండేలా చూసుకోండి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే, ఒకే టికెట్టయితే చేరవేసే బాధ్యత వాళ్లది.

ప్రశ్న: మంచు వల్ల ఆలస్యమైతే మనకేం ఇవ్వాలండీ?

నష్టపరిహారం రాదు, వాతావరణం వాళ్ల చేతిలో లేదు కాబట్టి. కానీ రెండున్నర గంటల లోపు ప్రయాణానికి, హైదరాబాద్–ఢిల్లీ అందులోకే వస్తుంది, రెండు గంటలు దాటి ఆలస్యమైతే టిఫినో భోజనమో పెట్టాలి. ఆరు గంటలు దాటేట్టుంటే వేరే విమానమో, డబ్బు వాపసో మీరు కోరుకోవచ్చు. అడిగితేనే ఇస్తారు, అడగండి. గొంతు పెంచక్కర్లేదు, బోర్డింగ్ పాస్ చూపించి కూపన్ అడిగితే చాలు.

ప్రశ్న: రేపు మంచు పడుతుందో లేదో రాత్రే తెలుసుకునే దారి ఉందా?

అంచనాగా ఉంది. విమానాశ్రయాలు అరగంటకొకసారి మెటార్ అనే వాతావరణ వరస విడుదల చేస్తాయి, ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. అందులో గీత మధ్యలో రెండు అంకెలుంటాయి, 11/09 లాగా. మొదటిది ఉష్ణోగ్రత, రెండోది గాలిలోని తేమ బొట్టు కట్టే ఉష్ణోగ్రత. రాత్రి పదింటికి ఆ రెండింటికీ తేడా రెండు డిగ్రీల లోపు ఉండి, గాలి మూడు నాట్లు లోపు ఉండి, మబ్బు లేదని ఉంటే తెల్లారికి మంచు ఉందనే అనుకోండి. 09/09 అయ్యాక ఎఫ్‌జీ అన్న రెండక్షరాలు కనబడితే పట్టేసినట్టే. ఆ వరస మొదట్లో ఉండే సమయం గ్రీనిచ్‌ది. దానికి అయిదున్నర గంటలు కలుపుకోవడం మర్చిపోకండి, లేకపోతే అర్ధరాత్రి సంగతిని నిన్న సాయంత్రానిది అనుకుని హాయిగా నిద్రపోతారు.